అడుగున పేరు లేని బొమ్మలు

జర్మనీ పింగాణీ బొమ్మను చేతికిస్తే, సేకరణలో ఆరితేరినవాళ్లు ముందు దాని మొహం చూడరు. జుట్టు పైకి ఒత్తి మెడ వెనక చూస్తారు. అక్కడ పింగాణీలోనే అచ్చుపడిన అక్షరాలు, వాటి కింద ఓ అంకె ఉంటాయి. అర్మాండ్ మార్సెయ్ పేరు, 390 అనే అంకె కనిపిస్తే ఆ బొమ్మ పుట్టుపూర్వోత్తరాలు సగం తెలిసిపోయినట్టే. ‘జర్మనీ’ అన్న మాట ఉందా లేదా అన్నది మరో ఆధారం. 1890లో అమెరికా ఒక సుంకాల చట్టం చేసి, దిగుమతయ్యే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండి తీరాలంది. ఆ తర్వాతే బొమ్మల మెడల మీద దేశాల పేర్లు మామూలయ్యాయి. జపాన్ సరుకైతే 1921 దాకా ‘నిప్పాన్’, ఆ తర్వాత ‘జపాన్’, యుద్ధంలో ఓడి అమెరికా చేతికింద ఉన్న రోజుల్లో ‘ఆక్యుపైడ్ జపాన్’. ఎక్కడో ఓడరేవులో కూర్చున్న సుంకాల గుమాస్తాలు తమకు తెలియకుండానే బొమ్మలకు జాతకాలు రాసిపెట్టారు.

కొండపల్లి అంబారీ ఏనుగును తిరగేసి చూడండి. రంపం కోసిన గీతలు, అంచు దాటి కారిన తెల్లసుద్ద, తడి ఆరకముందే ఎత్తిపెట్టిన వేలిముద్ర. అంతే. చేసినవాడి పేరు లేదు, ఊరి పేరు లేదు, ఏడాది లేదు. బెజవాడకు ఇరవై కిలోమీటర్ల లోపు ఊరు కొండపల్లి. అక్కడి బొమ్మ బండెక్కి బజారుకు రావడానికి ఏ చట్టమూ ముద్ర అడగలేదు. 2021 జనవరి నుంచి దేశంలో అమ్మే ఆటబొమ్మలన్నిటికీ ఐఎస్‌ఐ మార్కు ఉండాలని కేంద్రం ఆజ్ఞ చేసినప్పుడు కూడా, నమోదైన హస్తకళాకారులకూ, భౌగోళిక గుర్తింపు ఉన్న వస్తువులకూ మినహాయింపు ఇచ్చారు. ఇవ్వాల్సిందే, చెక్క చెక్కుకుని బతికే కుటుంబం మీద ప్రయోగశాల ఖర్చు రుద్దితే బొమ్మే ఉండదు. కాకపోతే ముద్ర పడే ఇంకో అవకాశం అలా దాటిపోయింది.

కాబట్టి మన బొమ్మ వయసు తెలియాలంటే రెండే దారులు. బొమ్మను చదవాలి, లేదా ఇంట్లో పెద్దావిడను అడగాలి. మొదటిది ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. రెండోదానికి గడువుంది.

ఏడాదికో బొమ్మ

పాత బొమ్మల సేకర్తలు అనగానే గాజు బీరువాలు, వేలంపాటలు గుర్తొస్తాయి. కృష్ణా డెల్టాలో ఆ పని చేసింది బొమ్మల కొలువు పెట్టే ఇల్లాళ్లు. కోస్తాలో చాలా ఇళ్లలో సంక్రాంతికి, మరికొన్ని ఇళ్లలో దసరాకు మెట్లు కట్టి, తెల్లబట్ట పరిచి బొమ్మలు పేరుస్తారు. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి. ఏటా కనీసం ఒక కొత్త బొమ్మయినా చేరాలి. మొదలుపెట్టిన కొలువు మానకూడదు. పేరంటాళ్లను పిలిచి హారతివ్వాలి, శనగలు పంచాలి. ఈ నియమాల్లో భక్తి పాలు ఎంతో నాకు తెలియదు గానీ, ఏడాదికో బొమ్మ అన్న నియమం మాత్రం ఏ మ్యూజియం క్యూరేటరైనా అసూయపడేది. డబ్బున్న ఏడాదీ లేని ఏడాదీ, కరువు ఏడాదీ పంట ఏడాదీ, క్రమం తప్పకుండా ఒక వస్తువు వచ్చి చేరుతుంది. నలభై ఏళ్లు కొలువు పెట్టిన ఇంట్లో నలభై ఏళ్ల బజారు చరిత్ర మెట్ల మీద కూర్చుని ఉంటుంది.

చరిత్ర ఉంది, దాని చిట్టా మాత్రం ఆవిడ తలలో ఉంది. పేరంటానికి వెళ్లి ఒక్క బొమ్మను చూపించి అడగండి.

“ఇది ఎక్కడిదండీ?”

“మా అత్తగారి పుట్టింటిదండీ. మల్లేశ్వరం నుంచి తెచ్చుకున్నారు.”

“ఆ పక్కది?”

“అది నేను కొన్నదే, పుష్కరాలప్పుడు.”

“ఏ పుష్కరాలండీ?”

“మొన్నటివి కాదు. అటు మొన్నటివీ కాదు. మా పెద్దాడు చంకలో ఉన్నాడు.”

నవ్వొస్తుంది గానీ, ఇందులో తేదీ ఉంది. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016లో వచ్చాయి. మొన్నటివి, అటు మొన్నటివీ తీసేస్తే 1992. పెద్దాడి పుట్టినరోజు అడిగితే అదే ఖాయమవుతుంది, లేదంటే ఇంకో పన్నెండేళ్లు వెనక్కి జరుగుతుంది. డెల్టాలో కాలాన్ని కొలిచే గుర్తులు ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీ కట్టినప్పుడు అంటే 1957 ప్రాంతం. దివిసీమ వైపు ‘ఉప్పెనకు ముందు’ అంటే 1977 నవంబరు 19కి ముందు. కేటలాగు రాసేవాళ్లు మొదట నేర్చుకోవాల్సింది ఈ క్యాలెండరే.

ఇంకో సంగతి. పాత కొలువుల్లో కొయ్య పెళ్లికొడుకు, పెళ్లికూతురు జంట ఒకటి ఉంటుంది. తిరుపతి వైపు నుంచి వచ్చిన ఎర్రచందనం బొమ్మలు, లేదా ఆ వరసలో చేసినవి. “మా నాయనమ్మ కాపురానికొచ్చేటప్పుడు తెచ్చుకుంది” అంటారు. సారెలో బొమ్మ ఎందుకు? ఆడపిల్ల పెళ్లి వయసు పద్నాలుగేళ్లకు తక్కువ ఉండకూడదన్న శారదా చట్టం అమల్లోకి వచ్చింది 1930 ఏప్రిల్ 1న. ఆ లోపల పెళ్లి చేసేయాలని దేశమంతా ముహూర్తాలు వెతుక్కున్నారు. అంతకుముందు పెళ్లయిన పిల్లల్లో ఎనిమిదేళ్లవాళ్లు, తొమ్మిదేళ్లవాళ్లూ ఉండేవారు. వాళ్లకు ఆ బొమ్మలు లాంఛనం కావు, ఆడుకునేవి. చెక్క పెళ్లికూతురి ముక్కు అరిగిపోయి నున్నగా ఉంటే ఆ అరుగుదలను ‘లోపం’ అన్న గడిలో రాసి వదిలేయకూడదు. అది వాడకం. ఆ ఇంట్లో ఆ పిల్ల గురించి మిగిలిన ఒకే ఒక్క ఆధారం అది కావచ్చు.

పొణికి చెప్పే సంగతులు

కొండపల్లి బొమ్మను గుర్తుపట్టడానికి కళ్లకంటే ముందు చెయ్యి పనికొస్తుంది. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. కొండపల్లి కొండల మీద పెరిగే తెల్ల పొణికి కర్ర అది. గోటితో నొక్కితే గంటు పడేంత మెత్తన. కర్రను కోసి ముక్కలు చేసి, పచ్చి పోయేదాకా రంపపు పొట్టు సెగ మీద ఆరబెడతారు. పచ్చి మిగిలితే బొమ్మ తర్వాత పగులుతుంది. ఒంటిని బాడిసతో, ఉలితో మలుస్తారు. చేతులు, తొండం, కొమ్ములు, గొడుగు, పల్లకీ బొంగు వేరుగా చేసి అతికిస్తారు. అతికేది మక్కుతో. చింతగింజల పిండి జిగురులో రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తే అదే మక్కు. అతుకు కప్పడానికి, ముక్కూ గడ్డం దిద్దడానికి, చీర కుచ్చిళ్లు పైకి తేలేలా చేయడానికి కూడా అదే. ఆరాక ఆకురాయితో నున్న చేసి, సుద్ద పూత వేసి, దాని మీద రంగులు దిద్దుతారు. కళ్లు చివర్న.

ఈ పని చేసే ఆర్యక్షత్రియులు తమ పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని, ముక్తఋషి సంతతివాళ్లమని చెప్పుకుంటారు. వాళ్లు చేసిన వరసలు అందరికీ తెలిసినవే: దశావతారాలు, అంబారీ ఏనుగు, గీతోపదేశం, పల్లకీలో పెళ్లికూతురు, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి, రోకలి పట్టిన ఆడవాళ్లు. అవే బొమ్మలు, అవే భంగిమలు, తాత చేసినట్టే మనవడు. అందుకే వయసు పట్టుకోవడం కష్టం. అయినా కొన్ని జాడలు దొరుకుతాయి.

మొదటిది రంగు. పాతవాటిలో జిగురులో కలిపిన నీటి రంగులు వాడేవారు; వెలుతురు పడితే మెరవవు, మెత్తగా, మట్టి మట్టిగా ఉంటాయి. తర్వాత డబ్బాల్లో ఎనామిల్ వచ్చింది. దాని మెరుపు దూరం నుంచే తెలుస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ తెలుపు పసుపుపచ్చగా తిరుగుతుంది. ఈ మధ్య మళ్లీ చెట్ల రంగులతో చేస్తున్నారు కాబట్టి మెరుపు లేనిదల్లా పాతది అనుకోవడానికీ లేదు. పెచ్చు ఊడినచోట భూతద్దం పెట్టి చూడండి. ఎనామిల్ కింద ఇంకో రంగు, దాని కింద మరో సుద్ద పూత కనిపిస్తే ఆ బొమ్మకు ఎవరో ఒకసారి కొత్త బట్టలు కట్టారు.

రెండోది అతుకు. మక్కు ఎండి కుంచించుకుంటే భుజం దగ్గర సన్నటి గీత తేలుతుంది. తెల్లగా, గాజులా మెరిసే జిగురు బయటికి కనిపిస్తే అది సీసాలో కొన్నది, తర్వాతి కాలపు మరమ్మతు. చింతగింజ పిండి పురుగుకూ రుచే. పుచ్చు ముందు అతుకుల దగ్గరే మొదలవడం చూస్తాం.

మూడోది, నాకు ఇష్టమైనది, బొమ్మలోని మనిషి. దేవుళ్ల బొమ్మలు కాలం చెప్పవు. మనుషుల బొమ్మలు చెబుతాయి. కొల్లాయి గట్టిన గాంధీ బొమ్మ ఉందనుకోండి. గాంధీ కొల్లాయికి మారింది 1921 సెప్టెంబరులో, మదురైలో. అదే ఏడు మార్చి నెలాఖరున ఏఐసీసీ సమావేశానికి బెజవాడ వచ్చినప్పుడు ఆయన వేషం అది కాదు. కాబట్టి ఆ బొమ్మ 1921 చివరికంటే ముందుది కాదని నిక్కచ్చిగా రాసుకోవచ్చు. ఎప్పటిదో చెప్పలేకపోయినా, ఎప్పటికి ముందుది కాదో చెప్పగలగడం కేటలాగులో పెద్ద సంపాదన.

నాలుగోది బొమ్మకు చుట్టిన కాగితం. అటక మీది ట్రంకుపెట్టె దింపగానే పాత పేపర్లు విప్పి చెత్తలో పడేయడం అందరూ చేసే పని. ఆగండి. 1991లో ఆగిపోయిన ఆంధ్రపత్రిక ముక్క ఉంటే ఆ మూట ఎప్పటి నుంచి విప్పలేదో దాదాపు తెలిసిపోయినట్టే. తేదీ కనిపించేలా ఫొటో తీసి అప్పుడు పారేయండి, ఎందుకంటే పేపరు సిరా రంగుకు అంటుకుంటుంది, దాని ఆమ్లం పూతను తినేస్తుంది. మళ్లీ చుట్టడానికి ఉతికిన పాత నూలు చీరను మించింది లేదు. మన ఆడవాళ్లు ఎప్పుడూ వాడుతూ వచ్చిందీ అదే. కాగితం తేదీ బొమ్మను చివరిసారి మూట కట్టిన తేదీ అని, పుట్టిన తేదీ కాదని పక్కన రాసుకోవాలి.

పెట్టెలో మిగతావాళ్లు

కొలువు పెట్టె ఒక ఊరిది కాదు. లక్క పూతతో గుండ్రంగా నిగనిగలాడేవి అనకాపల్లి వైపు ఏటికొప్పాకవి. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రను చిత్రిక మీద తిప్పుతూ, ఆ రాపిడి వేడికి లక్కను కరిగించి పూస్తారు. సహజ రంగులను అక్కడ మళ్లీ నిలబెట్టిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ లక్క పిడతలను ఎండలో, బల్బు పక్కన పెట్టకూడదు. వేడితో వచ్చిన పూత వేడితోనే పోతుంది.

రవివర్మ పటాల్లోని లక్ష్మీ సరస్వతులను జర్మనీ కార్ఖానాలు పింగాణీలో పోసి మన దేశానికి పంపాయి. చెట్టినాడు ఇళ్లలో అవి పేరుపడ్డాయి. డెల్టాలో ఎవరింట్లోనైనా కనిపిస్తే అడుగు తిప్పి చూడండి, అక్కడ అంకె ఉండే అవకాశం ఉంది.

సెల్యులాయిడ్ బొమ్మల గురించి కొంచెం నిలబడి చెప్పాలి. గులాబీ రంగు ఒళ్లు, లోపల డొల్ల, వేలితో నొక్కితే సొట్ట పడే పాప బొమ్మలు. 1930లలో వీటి తయారీలో ప్రపంచంలో జపానుది పైచేయి. కారణం కర్పూరం. సెల్యులాయిడ్ చేయడానికి కర్పూరం కావాలి, కర్పూరం చెట్లున్న తైవాన్ అప్పట్లో జపాన్ ఏలుబడిలో ఉంది. పాత పాప బొమ్మను అరచేత్తో రుద్ది వాసన చూస్తే పూజగది వాసన వస్తుంది. అదే పరీక్ష. ఇది నైట్రేట్ సరుకు. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. కొలువు మెట్ల మీద హారతికి దగ్గరగా దీన్ని కూర్చోబెట్టడమంత ప్రమాదం లేదు. మూత బిగించిన డబ్బాలో పెట్టినా పాడవుతుంది, గాలి ఆడాలి. ఒళ్లు జిగటగా మారి పుల్లటి వాసన వస్తుంటే మిగతా బొమ్మల నుంచి వెంటనే వేరు చేయాలి.

మట్టి బొమ్మల సంగతి వేరే. కాల్చినవి, కాల్చకుండా రంగేసినవి, ప్లాస్టర్‌వి, కాగితపు గుజ్జువి. వాటికి శత్రువు ఒక్కటే.

బుడమేరు

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బెజవాడ అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల్లో జనం నిద్రలేచేసరికి ఇళ్లలో నీళ్లు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే బుడమేరు గట్లు తెంచుకుని నగరం మీద పడింది. అటు కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డయింది. కొన్ని వీధుల్లో నీళ్లు వారం పైన నిలబడ్డాయి. మనుషులు పోయారు, బతుకులు పోయాయి. ఆ జాబితాలో బొమ్మల పెట్టెకు చోటు అడగడం సిగ్గుగానే ఉంటుంది.

అయినా చెప్పాలి. బొమ్మల పెట్టె కొందరింట్లో అటక మీద ఉంటుంది, కొందరింట్లో మంచం కింద. మంచం కింద ఉన్నవాళ్లకు మిగిలింది బురద. కాల్చని మట్టి నీళ్లలో మట్టే అవుతుంది, ప్లాస్టర్ ముద్దవుతుంది, పొణికి తేలుతుంది గానీ సుద్ద పూత ఊడి రంగంతా దిగిపోతుంది. ఏ కొండల కర్రతో ఆ బొమ్మలు చేశారో దాదాపు ఆ కొండల వాననీళ్లే వాటిని కడిగేశాయి.

పోయినవాటిలో ఏమేం ఉన్నాయని అడిగితే, “అబ్బో, చాలా ఉండేవండీ” అన్న జవాబు దగ్గర ఆగిపోవడం సహజం. ఎన్ని, ఎవరివి, ఎప్పటివి అన్నది రాసి ఉన్న ఇళ్లు ఎన్ని? నీళ్లు బొమ్మలను ఎలాగూ వదలవు. ఫోనులో నాలుగు ఫొటోలు, పై అరలో ఒక నోటుపుస్తకం ఉంటే కనీసం వాటి కథ మిగులుతుంది. మిగిలితే ఆ ఫొటో కొండపల్లి తీసుకెళ్లి, అలాంటిదే మళ్లీ చేయించుకోవచ్చు కూడా.

లాంగ్ నోటుబుక్కు చాలు

డొరొతీ కోల్మన్ అనే అమెరికన్ ఆవిడ, ఆవిడ ఇద్దరు కూతుళ్లు ఎలిజబెత్, ఎవెలిన్ కలిసి 1968లో బొమ్మల సేకర్తల కోసం ఒక విజ్ఞాన సర్వస్వం వేశారు. కంపెనీలు, ముద్రలు, అచ్చుల అంకెలు, పేటెంట్లు అన్నీ అక్షరక్రమంలో. తల్లీకూతుళ్లు కూర్చుని చేసిన ఆ పని ఇవాళ్టికీ సేకర్తలకు ఆధారం. మన ఇళ్లలో తల్లీకూతుళ్లు ఏటా సంక్రాంతికి కలిసి పెట్టె విప్పుతారు, కలిసి తుడుస్తారు, ఏది ఎవరిచ్చారో చెప్పుకుంటారు. కోల్మన్‌ల చేతిలో ఉండి వీళ్ల చేతిలో లేనిది పెన్ను ఒక్కటే.

పెద్ద సాఫ్ట్‌వేర్లు అక్కర్లేదు. ఒక లాంగ్ నోటుబుక్కు, బొమ్మకో పేజీ. ముందు అంకె వేయాలి. మ్యూజియంలు బొమ్మ చేరిన ఏడాదితో అంకె మొదలుపెడతాయి; 2016లో చేరిన మూడో బొమ్మయితే 2016-3. పాతవాటికి ఏడాది తెలియకపోతే ఒకటి నుంచి వరసగా వేసుకుపోవచ్చు. దశావతారాల లాంటి జట్టుకు ఒకే అంకె ఇచ్చి అ, ఆ, ఇ అని విడగొట్టాలి. జట్టు లెక్కపెట్టేటప్పుడు ఒక మెలిక ఉంది. కొన్ని వరసల్లో బలరాముడు ఉంటాడు, కొన్నింటిలో బుద్ధుడు. ఇద్దరూ ఉండి లెక్క పదకొండు అయిందంటే రెండు జట్లు కలిసిపోయాయన్నమాట. అన్నదమ్ములు వేరుపడినప్పుడు, కూతురికి కొన్ని పంచినప్పుడు ఇలా జరుగుతుంది. మిగతా తొమ్మిది ఏ ఇంట్లో ఉన్నాయో కనుక్కోవడానికి ఇదొక వంక.

అంకెను బొమ్మ మీద ఎలా రాయాలి? స్టిక్కరు, సెల్లోటేపు వద్దు; ఊడదీస్తే రంగు పెచ్చుతో సహా వస్తుంది. బాల్‌పెన్ను వద్దు. చిన్న అట్టముక్క మీద రాసి తెల్ల నూలుదారంతో వదులుగా కట్టండి. అడుగున కర్ర బయటికి కనిపిస్తుంటే మెత్తటి పెన్సిలు చాలు. ఎత్తు, వెడల్పు సెంటీమీటర్లలో. ముందు, వెనక, అడుగు ఫొటోలు, పక్కన స్కేలు పెట్టి. విరిగిన గొడుగు, ఊడిన చెయ్యి పారేయకుండా చిన్న సంచీలో వేసి అదే అంకె రాయండి. ఎత్తేటప్పుడు చెయ్యీ తొండం పట్టుకోకండి, అవి అతుకులు; అడుగున రెండు చేతులు పెట్టాలి. దుమ్ము మెత్తటి పొడి బ్రష్షుతోనే. తడిగుడ్డ పొరపాటున కూడా వద్దు.

అన్నిటికంటే ఎక్కువ జాగా వదలాల్సింది ‘ఎవరు చెప్పారు’ అన్న గడికి. “అమ్మ చెప్పింది, తనకు వాళ్ల అత్తగారు చెప్పారట” అని ఉన్నదున్నట్టు రాయాలి. విన్నది, చూసింది, ఊహించింది వేరువేరుగా ఉండాలి. మన ఇళ్లలో ప్రతి పాత వస్తువూ రెండొందల ఏళ్లదే! తరాలు లెక్కపెడితే చాలాసార్లు ఎనభై దగ్గర ఆగుతుంది. ఎనభై తక్కువేమీ కాదు. ‘సుమారు 1940లు, ఖాయం కాదు’ అని రాసిన పేజీకి ఉన్న విలువ ‘అతి పురాతనం’ అని రాసినదానికి లేదు.

ఏ వరసలో రాయాలన్నది మరో చర్చ. కార్టూనిస్టు శంకర్ ఢిల్లీలో 1965లో తెరిచిన బొమ్మల మ్యూజియం, హంగేరీ రాయబారి ఇచ్చిన ఒక్క బొమ్మతో మొదలైన ముచ్చట. అక్కడ బొమ్మలను దేశాలవారీగా చూస్తాం. బడి పిల్లలకు అది బాగుంటుంది. ఇంటి కేటలాగుకు మాత్రం, నా మటుకు నాకు, తెచ్చిన మనిషి పేరున సర్దడమే సరైందనిపిస్తుంది. ముత్తవ్వవి ఇవి, నాయనమ్మవి ఇవి, అమ్మ కొన్నవి ఇవి. కర్ర, మట్టి, పింగాణీ అన్న విభజన తర్వాత ఎవరైనా చేసుకోగలరు. మనుషుల వరస చెదిరితే మళ్లీ కుదరదు.

ఇవాళ కొనే బొమ్మకైతే ఈ తిప్పలు లేవు. కొండపల్లి బొమ్మల కాలనీకి వెళ్లి నేరుగా కొంటే, చేసినాయన పేరడిగి, ఆయన చేతే అడుగున పేరూ ఏడాదీ రాయించుకోవచ్చు. కొందరు మొహమాటపడతారు. “మా పేరెందుకండీ” అంటారు. పట్టుబట్టండి.

రంగు వేయాలా, వద్దా

పాత బొమ్మ రంగు పోయింది, మళ్లీ వేయించాలా? కొండపల్లిలో అడిగితే ఎందుకు వేయించకూడదంటారు. వాళ్ల దృష్టిలో అది పనిచేసే వస్తువు. కొలువులో దేవుడు కళ తప్పి ఉండకూడదు. సేకర్తలు మాత్రం వేలు పెట్టనివ్వరు. పాత పూతే ఆధారం, అది పోతే బొమ్మ వయసు పోతుంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఏటా మెట్టెక్కే బొమ్మయితే, ముందు ఫొటోలు తీసి, ఎప్పుడు ఎవరు వేశారో రాసి, వేయించుకోవడంలో తప్పు లేదంటాను. పూజకు రాని బొమ్మను, ముఖ్యంగా నీటి రంగులున్నదాన్ని, ముట్టుకోవద్దు. పాత సామాన్ల అంగళ్లలో అచ్చంగా దీనికి తలకిందులు వ్యాపారం ఒకటుంది. కొత్త బొమ్మకు పొగ పట్టించి, టీ డికాషన్ పూసి, అంచులు అరగదీసి ‘జమీందారుల ఇంటిది’ అంటారు. అరుగుదల చెయ్యి తగిలే చోట ఉందా, ఉలి తగిలే చోట ఉందా చూడండి. పట్టుకోని చోట అరగదు.

పాతదనం గొప్పలకు ఇంకో చిక్కు విమానాశ్రయంలో ఎదురవుతుంది. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో కొలువు పెడుతున్న కూతురు, అమ్మమ్మ బొమ్మలు రెండు సూట్‌కేసులో సర్దుకుంటుంది. అక్కడ తెలుగువాళ్ల కొలువులు ఇప్పుడు ఘనంగానే జరుగుతున్నాయి, ఇంటి నుంచి ఒక బొమ్మయినా ఉండాలన్న కోరిక సహజం. కానీ 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన కళాఖండాన్ని ఎవరికి వాళ్లు దేశం దాటించకూడదు. “ఇది రెండొందల ఏళ్లదండీ” అని కస్టమ్స్ అధికారి ముందు అమ్మమ్మ ధోరణిలో అన్నారంటే బొమ్మ ఇక్కడే ఉండిపోతుంది. నూరేళ్లు నిండనిదైతే, అది పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ పరిశీలించి ధ్రువపత్రం ఇస్తుంది. దరఖాస్తుకు ఫొటోలు, కొలతలు, దేనితో చేసిందో వివరం కావాలి. నోటుబుక్కులో ఆ బొమ్మ పేజీ నింపి ఉంటే అవన్నీ అందులోనే ఉంటాయి.